ప్లాస్టిక్ లిగమెంటు కథ: రెండేళ్ళ సంబరం, ఇరవయ్యేళ్ళ లెక్క

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో లైను కింద నడుచుకుంటూ వెళితే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, బట్టల షాపుల మధ్య ఫిజియోథెరపీ క్లినిక్కుల బోర్డులు కూడా బాగానే కనిపిస్తాయి. ఒకప్పుడు మోకాలి నొప్పి అంటే అమ్మమ్మల వ్యవహారం. ఇప్పుడు అక్కడ వరసలో కూర్చునేవాళ్ళలో మన ఐటీ జనం కూడా ఉంటున్నారు. వారమంతా కుర్చీకి అతుక్కుపోయి, ఆదివారం పొద్దున్నే సరూర్‌నగర్ వైపు ఏ గ్రౌండ్లోనో క్రికెట్టో షటిలో ఆడి, ఒక్క మలుపులో మోకాలు "టప్" మనిపించుకున్న బాపతు. స్కానింగ్ తీస్తే రిపోర్టులో మూడక్షరాలు: ఎ.సి.ఎల్.

మా టీములో ఒకతనికి ఇదే అయ్యింది. ఆపరేషన్ తప్పదన్నారు. అప్పట్నుంచీ లంచ్ టేబుల్ దగ్గర ఒకటే చర్చ. "మన ఒంట్లోంచే ఇంకో టెండన్ కోసి తియ్యడమెందుకు బాస్, గట్టి ప్లాస్టిక్ తాడు ఒకటి వేసేస్తే పోలా? మూడో నెలకల్లా గ్రౌండులో ఉండొచ్చుగా!"

ప్రశ్న తెలివైనదే. కాకపోతే కొత్తది కాదు. వందేళ్ళకి పైగా డాక్టర్లు కూడా ఇదే అడుగుతున్నారు, మధ్యలో వేలాదిమంది మోకాళ్ళలో ఆ తాడు వేసి చూశారు కూడా. ఆ చరిత్రే ఈ టపా. (నేను డాక్టర్ని కాదు. ఇది వైద్య సలహా అంతకన్నా కాదు.)

ముందు ఈ ఎ.సి.ఎల్. అంటే ఏమిటో రెండు ముక్కల్లో. తొడ ఎముకనీ కాలి ఎముకనీ మోకాలి నడిమధ్యలో ఏటవాలుగా పట్టి ఉంచే చిటికెనవేలంత పట్టీ ఇది. కింది ఎముక ముందుకి జారిపోకుండా, కాలు మెలితిరిగినప్పుడు మోకాలు తప్పకుండా ఇదే ఆపుతుంది. తెగితే మామూలుగా నడవొచ్చు, మెట్లూ ఎక్కొచ్చు. కానీ పరిగెడుతూ ఒక్కసారి పక్కకి తిరగబోతే మోకాలు జారిపోతుంది. పైగా దీని చుట్టూ ఉండేది కీలులోని ద్రవం. దానివల్ల తెగిన రెండు కొసల మధ్యా రక్తం గడ్డకట్టి నిలబడదు. అందుకే మిగతా లిగమెంట్లలాగా ఇది తనంతట తను సరిగ్గా అతుక్కోదు.

తెలుగువాళ్ళలో చాలామందికి మోకాలి ఆపరేషన్ అంటే గుర్తొచ్చే పేరు పుల్లెల గోపీచంద్. 1994లో పుణె జాతీయ క్రీడల్లో ఆడుతుండగా ఆయన మోకాలి లిగమెంటు తెగింది. ఒకటి కాదు, వరసగా ఆపరేషన్లు జరిగాయి. 1996లో జాతీయ ఛాంపియన్ అయ్యారు. 2001 మార్చిలో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. గాయానికీ ఆ కప్పుకీ మధ్య ఏడేళ్ళు. పేపర్లలో కప్పు ఫొటో వచ్చింది. ఆ ఏడేళ్ళకి ఫొటో ఉండదు కదా. మోకాలి విషయంలో లెక్క ఎప్పుడూ ఏళ్ళలోనే ఉంటుంది, మనం అడిగేది మాత్రం నెలల్లో.

సరే, అసలు కథకొద్దాం.

1895లో ఇంగ్లండులోని లీడ్స్‌లో మేయో రాబ్సన్ అనే సర్జన్ ఒక గని కార్మికుడి మోకాలు తెరిచి, తెగిన లిగమెంట్లని దారంతో కుట్టాడు. ఆపరేషన్ సంగతి ఆయన వెంటనే అచ్చువెయ్యలేదు. ఆరేళ్ళ తర్వాత రోగి ఎలా నడుస్తున్నాడో చూసుకుని, 1903లో ప్రచురించాడు. ఈ పాయింటు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది. 1917లో బ్రిస్టల్ సర్జన్ హే గ్రోవ్స్ కుట్టడం మానేసి, తొడ పక్కనుండే పట్టీలాంటి కండర పొరలో ఒక ముక్కని లిగమెంటు స్థానంలో పెట్టాడు. ఇవాళ తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ టెండన్‌తోనో, మోకాలిచిప్ప కింది టెండన్‌తోనో చేసే ఆపరేషన్లకి అదే ముత్తాత.

కృత్రిమ దారం ఆలోచన కూడా దాదాపు అంతే పాతది. 20వ శతాబ్దం మొదట్లోనే మ్యూనిక్‌లో ఫ్రిట్జ్ లాంగె పట్టుదారాలతో లిగమెంటుకి బలం చేకూర్చే ప్రయత్నం చేశాడు. పట్టు ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాత ప్లాస్టిక్కులొచ్చాయి.

1950ల్లో అమెరికాలో మైకేల్ డిబేకీ పాలియెస్టర్ బట్టని గొట్టంలా కుట్టి, పాడైన రక్తనాళాల బదులు వేశాడు. అది అద్భుతంగా పనిచేసింది, ఇప్పటికీ చేస్తోంది. పాలియెస్టర్ అంటే ఇంకేమిటో కాదు, మన నాన్నల కాలం టెర్లిన్ చొక్కాగుడ్డ, మనం తాగి పారేసే కూల్‌డ్రింక్ సీసా, రెండిట్లో ఉండేదీ అదే పదార్థం. రక్తనాళంలో నిలిచింది కదా, మోకాల్లో ఎందుకు నిలవదు అనుకోవడం సహజమే.

కానీ హెచ్చరిక కూడా అప్పటికే ఉంది. 1950ల చివర్లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ తుంటి కీలు మార్పిడికి టెఫ్లాన్ గిన్నెలు వాడాడు. మొదట్లో రోగులు హాయిగా నడిచారు. రెండు మూడేళ్ళకే టెఫ్లాన్ అరిగి, ఆ పొడికి చుట్టూ ఉన్న కండ వాచి, ఎముక తినేసింది. దాదాపు 300 మందికి వేసినవి అలా పాడయ్యాయి. చార్న్‌లీ వాళ్ళకి మళ్ళీ ఆపరేషన్లు చేసుకుంటూ వచ్చాడు. కొత్త పదార్థం దొరికాక దాని పొడినీ, టెఫ్లాన్ పొడినీ తన తొడలోకే ఎక్కించుకుని తేడా చూసుకున్నాడు. 1962లో పాలిథిలీన్‌కి మారాడు. ఒంట్లో కదిలే చోట పెట్టిన ప్లాస్టిక్ అరుగుతుంది, గడ్డకన్నా పొడి ప్రమాదం అనే పాఠం అప్పటికే రాసిపెట్టి ఉందన్నమాట.

లిగమెంటు వైపు 1970ల్లో పెద్ద ఊపు తెచ్చింది కార్బన్ ఫైబర్. వేల్స్‌లోని కార్డిఫ్‌లో డేవిడ్ జెంకిన్స్ బృందం 1977లో దాని మీద వ్యాసం ప్రచురించింది. వాళ్ళ ఊహ అందమైనది. కార్బన్ పోగులు పందిరిలా పనిచేస్తాయి, వాటి చుట్టూ ఒంటి కణజాలం అల్లుకుంటుంది, కొన్నాళ్ళకి పందిరి విరిగిపోయినా తీగ నిలబడుతుంది. పందిరి విరిగింది, అంతవరకూ నిజమే. తీగ మాత్రం అనుకున్నంత గట్టిగా అల్లుకోలేదు. విరిగిన ముక్కలు కీలు పొరని నల్లగా చేశాయి. కొందరిలో ఆ కార్బన్ దగ్గర్లోని లింఫ్ గ్రంథుల దాకా చేరింది.

ఇక్కడ మన పేటకి దగ్గర్లో జరిగిన ఒక కథ చెప్పాలి. ఎల్.బి.నగర్ నుంచి కర్మన్‌ఘాట్, చంపాపేట మీదుగా వెళితే కంచన్‌బాగ్ వస్తుంది. అక్కడి డీఆర్‌డీఎల్‌కి అబ్దుల్ కలాం 1982లో డైరెక్టరుగా వచ్చారు. అగ్ని క్షిపణి కోసం అక్కడ తేలికైన కార్బన్ పదార్థాలు తయారుచేస్తుండేవారు. (అగ్ని మొదటి ప్రయోగం 1989 మేలో.) నిమ్స్ నుంచి వచ్చిన ఒక ఎముకల డాక్టరు ఆ ముక్కని చేత్తో ఎత్తి చూసి, బరువే లేదని ఆశ్చర్యపోయి, కలాంని తన వార్డుకి తీసుకెళ్ళి పోలియో పిల్లల్ని చూపించారట. ఆ పిల్లలు కాళ్ళకి మూడు కిలోల పైన బరువున్న ఇనుప క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కొద్ది వారాల్లోనే డీఆర్‌డీఎల్ వాళ్ళు 300 గ్రాముల క్యాలిపర్లు తయారుచేసి ఇచ్చారు. కలాం ఈ సంగతిని చాలా సభల్లో చెప్పుకునేవారు. తన జీవితంలో గొప్ప ఆనందాల్లో ఒకటని కూడా అనేవారు.

రెండు కథలూ దాదాపు ఒకే కాలానివి. తేలికగా, గట్టిగా ఉండే కొత్త పదార్థం మీద మోజు కూడా ఒకటే. కార్డిఫ్‌లో దాన్ని కీలు లోపల పెట్టారు, కంచన్‌బాగ్‌లో కాలికి బయట కట్టారు. బయట కట్టినది అరిగితే, విరిగితే విప్పేసి ఇంకోటి కట్టొచ్చు. పిల్లాడు పెరిగితే సైజు మార్చొచ్చు. లోపల పెట్టినదానికి ఆ అవకాశం లేదు. మన భాషలో చెప్పాలంటే రోల్‌బ్యాక్ లేని రిలీజ్ అది. పదార్థం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకి, ఎక్కడ పెడుతున్నాం అన్నది తేలకుండా జవాబు లేదు.

1980ల్లో ఇక వరద. లీడ్స్‌లో బహా సీధమ్, జపాన్ కియో యూనివర్సిటీలో ఫుజికావా కలిసి 1982లో "లీడ్స్-కియో" లిగమెంటు తెచ్చారు. అది వలలా అల్లిన పాలియెస్టర్. కెనడాలో జాక్ కెనెడీ పేరుతో పాలీప్రొపిలీన్ పట్టీ వచ్చింది. (మన పాతిక కిలోల బియ్యం సంచి అల్లేది ఆ పదార్థంతోనే.) ఇది లిగమెంటుకి బదులు కాదు, సొంత టెండన్ బలపడేదాకా పక్కన కాపుకాసే పట్టీ. స్ట్రైకర్ కంపెనీది డేక్రాన్. గోర్ కంపెనీది గోర్-టెక్స్, అంటే సాగదీసిన టెఫ్లాన్. అదే వర్షం కోట్ల బట్ట. అవును, చార్న్‌లీని ఏడిపించిన టెఫ్లాన్ చుట్టమే, వేరే రూపంలో. 1986లో అమెరికా ఎఫ్.డి.ఏ. దీనికి అనుమతిచ్చింది, అప్పటికే ఒకసారి ఆపరేషన్ ఫెయిలైన రోగులకి మాత్రమే.

అంత నమ్మకం ఎందుకంటే అంకెలు అంత బాగున్నాయి. యువకుల సహజ ఎ.సి.ఎల్.ని లాగితే సుమారు 2,160 న్యూటన్ల దగ్గర తెగుతుంది. అంటే దాదాపు 220 కిలోల బరువు. గోర్-టెక్స్ లిగమెంటు దానికి రెట్టింపు పైనే తట్టుకునేది. రోగి కొద్ది వారాల్లో కర్రలు పక్కన పడేసేవాడు. మొదటి ఏడాది, రెండో ఏడాది ఫలితాలు చూసి ఎవరైనా చప్పట్లు కొడతారు.

మూడో ఏడాది నుంచి బిల్లు రావడం మొదలైంది. మోకాలు వాచి నీరు చేరడం, పోగులు తెగడం, ఎముకలో వేసిన రంధ్రాలు వెడల్పవడం. గోర్-టెక్స్ లిగమెంటు 1993లో, డేక్రాన్ 1994లో మార్కెట్ నుంచి వెళ్ళిపోయాయి.

దీర్ఘకాలపు లెక్కలు ఇంకా కటువుగా ఉన్నాయి. లీడ్స్-కియో వేయించుకున్నవాళ్ళని 10 నుంచి 16 ఏళ్ళ తర్వాత పరీక్షించి ఎడింబరో వైద్యులు 2004లో ప్రచురించారు. 28 శాతం మందిలో లిగమెంటు తెగిపోయింది. 56 శాతం మందిలో మోకాలు వదులైంది. ఎక్స్-రేలో అరుగుదల మాత్రం నూటికి నూరు మందిలో. ఇటలీలో పాలియెస్టర్ లిగమెంటు వేసిన 51 మందిని 19 ఏళ్ళకి చూసి 2010లో రాసినదీ దాదాపు ఇదే కథ. నాలుగో వంతుకి పైగా తెగాయి, అరుగుదల అందరిలోనూ. చిన్న అధ్యయనాలే, నిజం. కానీ వేర్వేరు దేశాల్లో, వేర్వేరు చేతుల్లో, జవాబు ఒకే వైపు మొగ్గింది.

ఎందుకిలా? ఇంజనీరుగా నాకు ఇందులో బాగా నచ్చిన భాగం ఇదే. రెట్టింపు బలం అన్నది ఒక్కసారి లాగితే వచ్చే లెక్క. మోకాలి ఉద్యోగం అది కాదు. రోజుకి 5,000 అడుగులు వేస్తే ఒక్కో కాలికి 2,500. ఏడాదికి 9 లక్షల పైన, ఇరవయ్యేళ్ళకి 1.8 కోట్లు. మెట్లు, గెంతులు, బాసింపట్టు, కింద కూర్చుని లేవడాలు ఇంకా కలపలేదు. ప్రతి వంపుకీ ఆ తాడు ఎముక రంధ్రం అంచు మీద కొద్దిగా ఒరుసుకుంటుంది. బావి గిలక అరిగిపోయాక చేంతాడుకి ఏమవుతుందో మన ఊళ్ళల్లో అందరికీ తెలుసు. రాలిన పొడికి కీలు పొర వాస్తుంది. వాపు గుజ్జుని తింటుంది. రక్తనాళంలో అదే పాలియెస్టర్ నిలవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అక్కడ ఇలా ఎముక అంచు మీద వంగుతూ ఒరుసుకునే పని లేదు.

ఒంటి టెండన్ కథ వేరు. దాన్ని కోసి పెట్టిన మొదటి వారాల్లో అందులోని కణాలు చచ్చిపోతాయి. తర్వాత కొత్త రక్తనాళాలు వస్తాయి, కొత్త కణాలు చేరి, పోగుల్ని మళ్ళీ పేర్చుకుంటాయి. ఈ మధ్యకాలంలో అది మొదటి రోజుకన్నా బలహీనంగా ఉంటుంది. డాక్టర్లు తొమ్మిది నెలలు ఆడొద్దనేది అందుకే. ఆ తర్వాత మాత్రం అది బతికున్న వస్తువు, చిన్న చిన్న చిరుగుల్ని తానే బాగుచేసుకుంటుంది. ప్లాస్టిక్ తాడుకి మొదటి రోజే అత్యుత్తమమైన రోజు. అక్కణ్ణుంచి ప్రతి అడుగూ దానికి ఖర్చే.

మరి ఇంత తేడా అప్పుడే ఎందుకు తెలియలేదు? ఎందుకంటే ఎక్కువమంది రెండేళ్ళ దగ్గర కొలిచి ఆపేశారు. రాబ్సన్ 1895లోనే ఆరేళ్ళు ఆగాడు, ఈ కంపెనీల తొందరకి అంత ఓపిక లేకపోయింది. ఓపిక పట్టినవాళ్ళు లేకపోలేదు. నార్వేలో 150 మందిని మూడు జట్లుగా చీటీలు వేసినట్టు పంచి, ఒక జట్టుకి కుట్టు మాత్రమే, ఒక జట్టుకి కుట్టుతోపాటు కెనెడీ పట్టీ, ఒక జట్టుకి కుట్టుతోపాటు మోకాలిచిప్ప కింది సొంత టెండన్ వేశారు. 16 ఏళ్ళ తర్వాత వెతికి పట్టుకుని పరీక్షించి 2006లో ప్రచురించారు. మళ్ళీ ఆపరేషన్ అవసరం అతి తక్కువ పడింది సొంత టెండన్ వాళ్ళకే. ఇదే నార్వే 2004లో దేశం మొత్తానికీ మోకాలి లిగమెంట్ల రిజిస్ట్రీ పెట్టింది. స్వీడన్, డెన్మార్క్ మరుసటి ఏడాది పెట్టాయి.

ఇంత జరిగాక కథ అయిపోవాలి కదా. అవ్వలేదు. ఫ్రాన్సులోని డిజోన్ సర్జన్ లాబూరో రూపొందించిన "లార్స్" అనే పాలియెస్టర్ లిగమెంటుతో రెండో ఆట మొదలైంది. ఇందులో కీలు లోపలి పోగుల్ని అడ్డంగా అల్లకుండా వదిలారు, ఒరుసుకోవడం తగ్గేలా. 2008లో ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆటగాడు నిక్ మాల్చెస్కీ ఇది వేయించుకుని మూడు నెలల్లోనే మైదానంలోకి వచ్చేసరికి అక్కడ పెద్ద సంచలనం. 2012 ఫైనల్లో గెలుపు ఖాయం చేసిన గోల్ కొట్టింది కూడా ఆయనే. ఇంతకన్నా మంచి ప్రకటన ఏ కంపెనీకైనా ఏం కావాలి? కానీ అదే ఆస్ట్రేలియా నుంచి 2019లో వచ్చిన అధ్యయనంలో, లార్స్ వేసినవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి కొన్నేళ్ళలోనే అది ఫెయిలైంది. ఒక్క ఆటగాడి కథా నిజమే, మూడో వంతూ నిజమే. మనకి యూట్యూబులో దొరికేది మొదటిది.

న్యాయంగా రెండు మాటలు చెప్పాలి. ఒకటి, 1980ల రోగుల్లో చాలామంది అప్పటికే ఒకటి రెండు ఆపరేషన్లు ఫెయిలైనవాళ్ళు, అప్పటి పనితనం కూడా ఇప్పటిది కాదు. తప్పంతా తాడు మీద తోసెయ్యలేం. రెండు, సొంత టెండన్ వేయించుకున్నా ఏళ్ళు గడిచాక మోకాలు అరగొచ్చు. గాయమైన రోజున గుజ్జుకి తగిలిన దెబ్బని ఏ లిగమెంటూ వెనక్కి తియ్యలేదు. అలాగే పాలియెస్టర్ మొత్తం చెడ్డదనీ కాదు. ఇప్పుడు కొందరు సర్జన్లు సొంత టెండన్‌కి తోడుగా సన్నటి పట్టీ వాడుతున్నారు. 2020 డిసెంబరులో అమెరికా ఎఫ్.డి.ఏ. అనుమతి పొందిన "బేర్" అనే స్పాంజిలాంటి కొలాజెన్ ముక్క ఇంకో దారి తొక్కింది. తెగిన కొసల మధ్య రక్తాన్ని పట్టి ఉంచి, అసలు లిగమెంటునే అతుక్కోనివ్వడం దాని పని. రాబ్సన్ కుట్టు దగ్గరికే మళ్ళీ, ఈసారి అది ఎందుకు అతుక్కోదో తెలుసుకుని వెళ్ళినట్టు. దీనికీ ఇరవయ్యేళ్ళ పరీక్ష ఇంకా ముందుంది.

ఇప్పుడు మన లంచ్ టేబుల్ ప్రశ్నకి. ఇందులో నిజంగా పణంగా పెట్టేది పాతికేళ్ళవాడి మూడు నెలలూ, వాడి నలభై అయిదేళ్ళ మోకాలూ. మొదటిది కళ్ళకి కనపడుతుంది: లీవులు, అప్రైజల్, ఆన్‌సైట్ ఛాన్సు. రెండోదాని తరఫున అడిగేవాడు ఆ గదిలో ఉండడు. కాబట్టి వాడి బదులు మనమే అడగాలి. "ఎన్ని నెలల్లో లేస్తాను?" అన్న తర్వాత, "ఏం వేస్తున్నారు, దాని పదిహేనేళ్ళ ఫలితాలు ఎక్కడున్నాయి?" అని. మంచి డాక్టరు ఈ ప్రశ్నకి విసుక్కోరు.

ఇంకొక చిన్న పని. ఆపరేషన్ నోట్సు, లోపల పెట్టిన స్క్రూల, పట్టీల స్టిక్కర్లు, డిశ్చార్జ్ సమ్మరీ... ఇవన్నీ స్కాన్ చేసి దాచుకోండి. మనం ఊళ్ళు మారతాం, దేశాలు మారతాం, ఆస్పత్రులు చేతులు మారతాయి. లీడ్స్-కియో సంగతి లోకానికి తెలిసిందంటే, పదహారేళ్ళ తర్వాత కూడా ఎవరి మోకాల్లో ఏముందో రాసిపెట్టిన కాగితం ఉండబట్టే. సర్వరు లాగులు ఏడేళ్ళు దాచే మనం, మన మోకాలి లాగు ఒక ఫోల్డర్లో పడెయ్యలేమా?

మా టీమువాడు సొంత టెండన్‌కే ఓటేశాడు. తొమ్మిది నెలల ఫిజియోథెరపీకి కొత్తపేటలో పేరు రాయించుకున్నాడు. వాడి ఫలితం చెప్పమంటే మాత్రం 2045 దాకా ఆగాలి.